అరచేతిలో నిప్పు

ఉదయశిల దుర్గంలో పొయ్యి వెలిగి ఆనాటికి మూడు రోజులు.

"పొయ్యి వెలగకపోతే కొంప మునిగిందా, చెకుముకి రాయి కొట్టుకోలేరా?" అని అడిగేవాళ్ళు ఆ కొండ ఎక్కి ఎరగని వాళ్ళు. ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడ్డ నల్లరాతి కొండ, దాని నడుముకు ఏడు ప్రాకారాలు, ప్రాకారానికొక సింహద్వారం, అన్నింటికీ పైన ఎండకు తళతళలాడే రాతి తిన్నె. ఆ తిన్నె మీద ఏనుగు పడుకోగలిగినంత పెద్దపొయ్యి. రోజూ తెల్లవారగానే రాజు తిన్నె ఎక్కి, రెండు అరచేతులూ పైకెత్తి జనానికి చూపాలి. మీ దగ్గర నేను దాచిందేమీ లేదు అని దాని అర్థం. ఆ తర్వాత తొలి కట్టె ఆయనే వెయ్యాలి. అప్పుడు ఇంటికొకరు చొప్పున వచ్చి, తలా ఒక కట్టె పొయ్యిలో వేసి, పెంకు మీద ఇన్ని నిప్పులు తీసుకెళ్ళి ఇంట్లో పొయ్యి రాజేసుకుంటారు. అంతఃపురంలో పాయసం వండినా, కుమ్మరి గుడిసెలో గంజి కాచినా నిప్పు మాత్రం ఒక్కటే. కట్టె ఇవ్వకుండా నిప్పు పట్టుకుపోవడం ఆ కొండ మీద తల్లిని తన్నినంత పాపం.

పొయ్యి పక్కనే పచ్చి వేపమండల మోపు ఒకటి ఉంటుంది. దుర్గంలో శత్రువు జొరబడితే దాన్ని పొయ్యిలో పడెయ్యాలి. తెల్లటి పొగ ధ్వజస్తంభంలా లేస్తుంది, ఏడు తలుపులూ మూసుకుంటాయి. తాతల నాటి నుంచి ఆ అవసరం రాలేదు. ఎండిన మోపు తీసి పచ్చి మోపు పెట్టడమే సరిపోయింది.

ఇప్పుడు రాజు ధవళకీర్తి లేడు. శత్రురాజు దుర్ధరుడి మాంత్రికుడు కరాళదంతుడు ముసలి పూలవాడి వేషంలో వచ్చి ఆయన మెడలో దండ వేశాడు. ఆ దండ నల్లత్రాచై కాటేసింది. యువరాజు రణకేతుడు ఊళ్ళో లేడు. రాజు చెయ్యి పడని పొయ్యిని ముట్టించడానికి ఎవరికీ చేతులు రాలేదు. ధాన్యం గాదెల నిండా ఉన్నా వండుకునే దారి లేక జనం నానిన సజ్జలు నములుతున్నారు. చెరువు అడుగంటింది. బయట దుర్ధరుడి నలభై వేల సైన్యం నలభై రోజులుగా కొండను చుట్టుకుని కూర్చుంది. "తలుపులు తీయండి, తలలు దక్కుతాయి!" అని పొద్దున్నే భేరీ కొట్టి చాటిస్తోంది.

నాలుగో రోజు ఉదయం సొరంగం తలుపు కిర్రుమంది. ఒళ్ళంతా బొగ్గు మసి, భుజాన తడి గొంగళి, నెత్తిన బొగ్గుల బుట్ట. కావలి వాళ్ళు బల్లెం ఎత్తబోయి ఆ కళ్ళు చూసి ఆగిపోయారు. ఆ బొగ్గులవాడే రణకేతుడు. పూలమ్మిన చోట కట్టెలమ్మడం అంటారే, రాజకుమారుడు సొంత రాజ్యంలో బొగ్గులమ్ముకుంటూ శత్రువుల మధ్య నుంచి నడిచి వచ్చాడు. సాయం అడగడానికి మేనమామ దగ్గరికి వెళ్ళాడు. ఆ మహానుభావుడు పన్నెండు రకాల పిండివంటలతో విందు పెట్టాడు, సైన్యం మాత్రం ఇవ్వలేదు.

సేనాపతి భీమరథుడు జరిగింది చెప్పి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. తైలపు తొట్టిలో రాజు పడుకుని ఉన్నాడు. చితి ముట్టించడానికి కూడా నిప్పు లేదు, ముట్టించవలసిన కొడుకూ లేడు. మెడ మీద రెండు చిన్న నల్లటి చుక్కలు. రణకేతుడు ఆ చుక్కల మీద వేలు పెట్టి చూశాడు. కంట నీరు రాలేదు.

"భీమరథా! గుర్రాలు ఎన్ని మిగిలాయి?"

"మూడు వందలు, ప్రభూ."

"జీను వేయించు. ఆ కరాళదంతుడి నాలుక కోసి నా తండ్రి పాదాల దగ్గర పెట్టేదాకా నేను ముద్ద ముట్టను!"

"ఆజ్ఞ!" అన్నాడు భీమరథుడు. ఆయనకూ కావలసింది అదే.

ఇద్దరూ గిరుక్కున తిరిగితే గుమ్మంలో బూడిద చేతులతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. పెద్దపొయ్యి కనిపెట్టుకుని ఉండే సుంకులవ్వ.

"యాడికి నాయనా?" అంది.

"పగ తీర్చుకోవడానికి. తప్పుకో అవ్వా."

"మున్నూరు మందితోనా? బయట నలభై వేల మంది ఉండారు. సచ్చేది శానా సులువు నాయనా, పూట పట్టదు. ఆ యనక మా గతేంది?"

"నా తండ్రి శవం ఇక్కడ పడి ఉంటే నన్ను పొయ్యి ముందు కూర్చోమంటావా!" రణకేతుడు అరిచాడు.

"మీ నాయన పోయినాడని నేను ఏడవలేదా? నలభై ఏండ్లు ఆయప్పకు కట్టె అందించిన చెయ్యి ఇది." ఆమె బూడిద చెయ్యి చాచింది. "బయటికొచ్చి ఆ జనం మొగాలు ఒక్కసారి చూడు. చూసినాక కూడా గుర్రమెక్కుతానంటే, నేనే కళ్ళెం పట్టిస్తా. పో."

రణకేతుడు విసురుగా బయటికి వచ్చాడు.

తిన్నె చుట్టూ తొమ్మిది వేల మంది కూర్చుని ఉన్నారు. ఒక్క పిల్ల ఏడవడం లేదు, ఒక్క కుక్క మొరగడం లేదు. ఆడవాళ్ళ ఒళ్ళో చల్లటి పెంకులు. నిప్పు లేదని తెలిసీ అలవాటుగా పట్టుకొచ్చారు. ముందు వరసలో ఒంటికన్ను సిపాయి ఒకడు లేచి నిలబడి అడిగాడు. "సిన్నదొరా, వచ్చినావా? సైన్యం యాడుంది?"

కోపంతో వచ్చినవాడికి ఆ ప్రశ్న చెంపదెబ్బలా తగిలింది. వీళ్ళను వదిలి తాను చావడానికి బయల్దేరాడు. చచ్చి వీరుడనిపించుకునేవాడే, వీళ్ళు మాత్రం సాయంత్రానికల్లా తలుపులు తీసేవాళ్ళు. సిగ్గేసింది. నెమ్మదిగా తిన్నె ఎక్కాడు. మసి కొట్టుకుపోయిన రెండు అరచేతులూ పైకెత్తాడు.

"దాచను," అన్నాడు. "సైన్యం లేదు. మా మేనమామ రాడు. ఇంకెవరూ రారు."

జనంలో నుంచి ఒక మూలుగు లేచింది. వెనకాల ఎవరో "అయితే తలుపులు తీసేద్దాం" అన్నారు. భీమరథుడు తల పట్టుకున్నాడు. ఈ కుర్రాడికి లౌక్యం బొత్తిగా లేదు!

"నా మాట పూర్తి కాలేదు!" రణకేతుడు భుజం మీది గొంగళి తీసి జనం మధ్యకు విసిరాడు. "తడి చూడండి. పిండి చూడండి! నిన్న రాత్రి తూర్పు కొండల్లో నా వీపు మీద కురిసిన వాన అది. గాలి ఇటే తిరిగింది. సొరంగంలో వస్తూ చెరువు మెట్లు చూసుకుని వచ్చాను, నీళ్ళు పది రోజులకు సరిపోతాయి. వాన అంతకు ముందే వస్తుంది. చెరువు నిండిందా, ఈ కొండను ఏడాది దాకా ఎవడూ కదపలేడు."

గొంగళి చేతులు మారింది. ఒకామె దాన్ని కళ్ళకద్దుకుంది. ఒక తాత కొస నోట్లో పెట్టుకుని చప్పరించి, "వానే! మట్టివాసన వస్తాండాది!" అని అరిచాడు. మూడు రోజుల తర్వాత ఆ కొండ మీద వినబడ్డ మొదటి కేక అదే.

"నా తండ్రిని చంపినవాణ్ణి నేను చంపుతాను. అది నా పని. వాన వచ్చేదాకా ఈ పొయ్యి ఆరకుండా చూడటం మనందరి పని. నిలబడతారా?"

తొమ్మిది వేల గొంతులు ఒక్కటయ్యాయి. సుంకులవ్వ కట్టె అందించింది. రణకేతుడు చెకుముకి కొట్టాడు. పెద్దపొయ్యి భగ్గుమంది.

జనం బారులు తీరారు. కట్టె పొయ్యిలోకి, నిప్పు పెంకులోకి. కట్టెల్లేని వాళ్ళు మంచం కోళ్ళు విరగ్గొట్టి తెచ్చారు, ఒకామె రోకలి తెచ్చింది. చిరుగుల దుప్పటి కప్పుకున్న కుంటి ముసలివాడు ఒకడు వంతు రాగానే వంగి, చప్పున ఒక నిప్పు తీసుకుని వెనుదిరిగాడు.

"ఓయ్, తాతా! కట్టె యాడ?" అంది సుంకులవ్వ.

"మా ఇంట్లో కట్టెల్లేవు తల్లీ."

"లేకుంటే చేతికర్ర వెయ్యల్ల. చీపురుపుల్లయినా వెయ్యల్ల. ఈ కొండ మీద పుట్టినోడెవడూ ఉత్త చేత్తో నిప్పు తీయడు. యెవురు నువ్వు?"

ముసలివాడు నవ్వాడు. నోట్లో పళ్ళన్నీ రంపం పళ్ళు!

"కరాళదంతుడు!" అని రణకేతుడు పక్కనున్న కావలివాడి కత్తి దూసుకుని పులిలా దూకాడు. దుప్పటి ఎగిరిపోయింది. ఏడడుగుల నల్లటి విగ్రహం, పుర్రెల మొలతాడు, ఎడమచేతి ఉంగరపు వేలికి పాము తల ఉంగరం. వాడు రొమ్ము మీద ఒక్క తోపు తోస్తే భీమరథుడంతటివాడు పల్టీ కొట్టాడు. సుంకులవ్వ క్షణం ఆలస్యం చెయ్యలేదు. వేపమండల మోపెత్తి పొయ్యిలో కుమ్మరించింది. తెల్లటి పొగ ఆకాశానికి ఎగసింది. ధన్! ధన్! ధన్! ముట్టడితో ముందే మూసిన బయటి తలుపు కాక, లోపలి ఆరు తలుపులూ మూసుకున్నాయి.

మాంత్రికుడు అప్పటికే గోడ మీద పరుగెత్తుతున్నాడు. గుప్పిట్లో నిప్పు, పెదవుల మీద మంత్రం. వాడి ఈల వినగానే ఏనుగంత రాబందు ఒకటి సూర్యుణ్ణి కప్పుతూ దిగివచ్చింది. వాడు కుడిచేత్తో దాని కాలు దొరకబుచ్చుకున్నంతలో రణకేతుడి కత్తి మెరిసింది. ఎడమచేతి ఉంగరపు వేలు తెగి రాతి మీద పడింది. వాడు కెవ్వున అరిచాడు.

"నా తండ్రి పేరు చెప్పుకుని చావరా!" అని రణకేతుడు రెండో వేటుకు కత్తి ఎత్తాడు. మెడ అందుబాటులోనే ఉంది. ఒక్క వేటు చాలు.

"మూఢుడా! ఏడుసార్లు మంత్రించిన నిప్పు ఇది! గోడ దాటి నేల తాకిందా, ఈ కొండ మీద మళ్ళీ నిప్పన్నది పుట్టదు!" అంటూ మాంత్రికుడు నిప్పును గోడ అవతలికి విసిరేశాడు.

వేటు వెయ్యాలా, నిప్పు పట్టాలా! కళ్ళ ముందు తండ్రి మెడ మీది నల్లచుక్కలు. చెవుల్లో ఆ తొమ్మిది వేల గొంతులు. రణకేతుడు పళ్ళు పటపట కొరికి కత్తి వదిలేశాడు. గోడ మీది నుంచి నడుము దాకా అవతలికి వంగి, గాల్లో నిప్పును కుడిచేత్తో పట్టేశాడు. భీమరథుడు పరుగున వచ్చి కాళ్ళు పట్టుకోకపోతే కథ అక్కడికి సరి. మాంత్రికుడు వికటంగా నవ్వుతూ తెల్లపొగలోకి ఎగిరిపోయాడు. వెనక ఏం జరిగిందో ఆ పొగలో వాడికి కనబడలేదు.

రణకేతుడు గుప్పిట తెరవకుండా తిన్నె దాకా నడిచాడు. చర్మం కమిలిన వాసన అందరికీ తెలుస్తూనే ఉంది. నిప్పును పొయ్యిలో వేసి చెయ్యి తెరిచాడు. అరచేతి నడుమ రూపాయంత ఎర్రటి గుంట.

"చేతికందిన తలకాయ వదిలేశాను, అవ్వా!" అన్నాడు. ఇప్పుడు వచ్చింది కంట నీరు.

"వదిలినావు కాబట్టే ఈ పొద్దు ఇంతమంది అన్నం తింటారు," అంది సుంకులవ్వ, కలబంద గుజ్జు రాస్తూ. "పగ యాడికీ పోదు నాయనా. నిలవ పచ్చడి మాదిరి ఊరతాది."

ఆ పూట నిప్పు తీసుకెళ్ళిన ప్రతివాడూ ఆగి ఆ చెయ్యి చూసి మరీ వెళ్ళాడు. చంటిపిల్లలను ఎత్తుకొచ్చి చూపించారు. ఆ నిప్పుతోనే ధవళకీర్తి మహారాజు చితి వెలిగింది.

ఇంతలో భీమరథుడు "ప్రభూ, ఈ దరిద్రం చూడండి!" అని కేక పెట్టాడు. తెగిన వేలు గోడ మీద పురుగులా పాకుతోంది. ఎటు తిప్పి పెట్టినా గింగిరాలు తిరిగి ఉత్తరానికే మళ్ళుతోంది. యజమాని ఎక్కడుంటే అది అటే చూస్తుందని రణకేతుడికి క్షణంలో అర్థమైంది. ఆ రోజు మొదటిసారిగా అతని పెదవుల మీద నవ్వు లాంటిది ఒకటి కనబడింది. మంచి నవ్వు కాదది.

"అవ్వా, నీ సున్నపుకాయ ఇయ్యి."

"నా మొగుడు ఇచ్చింది నాయనా అది! దాంట్లో ఆ పీనుగు యేలు పెడతావా?" అని గొణుగుతూనే ఆమె సున్నం దులిపి ఇచ్చింది.

రణకేతుడు మళ్ళీ తిన్నె ఎక్కాడు. "వాడు బతికి ఉన్నంతవరకు రోజుకొక వేషంలో వస్తాడు. నేను వెళుతున్నాను. నేను వచ్చేదాకా తొలి కట్టె వేసే వంతు ఇంటికొక రోజు. మొదటి వంతు సుంకులవ్వది. ఆ రోజుకు వాళ్ళే రాజులు." ఎవరూ వద్దనలేదు. పొద్దున చావడానికి బయల్దేరిన మనిషి మొహానికీ, ఇప్పుడు చంపడానికి బయల్దేరిన మనిషి మొహానికీ తేడా వాళ్ళకు తెలుసు.

మధ్యాహ్నానికి బొగ్గులవాడు బుట్టలో బొగ్గుల కింద కత్తి దాచుకుని, సొరంగం దాటి శత్రువుల దండు మధ్యలో ఉన్నాడు. ఒక మీసాలవాడు ఈటె అడ్డం పెట్టాడు. "ఆగరా! చేతికి ఆ గుడ్డ కట్టు ఏంది?"

"కాలింది దొరా. బొగ్గులమ్మేవాడికి కాలకపోతే పూలమ్మేవాడికి కాలుద్దా?"

మీసాలవాడు పకపకా నవ్వి వదిలేశాడు. మొలలో సున్నపుకాయ టకటక కొట్టుకుంటోంది. అది ఎటు కొట్టుకుంటే అటే వాగులు దాటి, ముళ్ళడొంకలు దాటి, తెల్లవారే వేళకు రణకేతుడు గద్దకోన కొండ ఎక్కాడు. శిఖరం మీద ఇనుప గొలుసుతో కట్టేసి ఉంది రాబందు! పక్కన గుహ. కత్తి దూసి లోపలికి దూకాడు. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. మాంత్రికుడు లేడు.

సున్నపుకాయ తెరిచాడు. రాత్రంతా ఉత్తరం చూసిన వేలు గిర్రున తిరిగి దక్షిణానికి లేచి నిలబడింది. దక్షిణాన ఏముంది? ఉదయశిల!

రణకేతుడు శిఖరం అంచుకు పరుగెత్తాడు. దూరాన లేత ఎండలో పెద్దపొయ్యి తిన్నె బొమ్మలకొలువులా కనబడుతోంది. దాని మీదికి ఎవరో ఎక్కుతున్నారు. ఎర్రని తలపాగా, తన నడక, తన భుజాల తీరు. అచ్చంగా తనే! కరాళదంతుడు ఈసారి వేసుకున్న వేషం రణకేతుడిదే. రాబందును చూస్తే జనం గుర్తుపడతారని, పూటకొక్కసారే పనిచేసే గాలిమంత్రంతో వెళ్ళి ఉంటాడు. జనం లేచి నిలబడ్డారు. ఇప్పుడు వాడు నోరు తెరిచి "తలుపులు తీయండి" అంటే చాలు. యువరాజు మాట కాదనేవాళ్ళు ఎవరు?

"నమ్మకండి! నమ్మకండిరా!" అని గొంతు చించుకున్నాడు. ఆ అరుపు పక్క కొండ దాకా కూడా పోలేదు. తన మాట విని నిలబడ్డ జనం తన మొహం చూసే మోసపోతారా?

అక్కడ తిన్నె మీద దొంగ యువరాజు ఆచారం ప్రకారం రెండు అరచేతులూ పైకెత్తాడు. ఈసారి ఆచారమంతా నేర్చుకుని, తెగిన వేలి చోట మాయవేలు కూడా పెట్టుకుని వచ్చాడు మహానుభావుడు. ఒక్కటి తప్ప. తాను విసిరిన నిప్పును రణకేతుడు అరచేత్తో పట్టుకున్నది వాడు చూడనే లేదు.

కాలిన గుంట లేని ఆ కుడి అరచేతిని జనం చూశారు. ఊపిరి పీల్చి వదిలేంత సేపు. అంతే, తిన్నె మీద బూడిద రంగు చీర ఒకటి మెరుపులా కదిలింది.

తెల్లటి పొగ! నిటారుగా, ధ్వజస్తంభంలా!

రణకేతుడు నవ్వాడు, ఏడ్చాడు. తొమ్మిది వేల మంది తన చెయ్యి గుర్తుపెట్టుకున్నారు. ఏడు తలుపుల మధ్య మాంత్రికుడు చిక్కుపడ్డాడు. వాడి రాబందు ఇక్కడ గొలుసుకు కట్టి ఉంది. అయితే చిక్కిన పాము ఊరుకోదు, అక్కడున్నది సుంకులవ్వ, ఆడవాళ్ళు, పెంకులు పట్టుకున్న పిల్లలు. నడిచి వెళ్ళాలంటే సాయంత్రం అవుతుంది.

రాబందు వైపు తిరిగాడు. అది కొడవలి లాంటి ముక్కు తెరిచి బుస్సుమంది. రణకేతుడు తెగిన వేలిని పైకెత్తి పాము తల ఉంగరం దాని కంటి ముందు పెట్టాడు. యజమాని ఉంగరం చూసిన రాబందు ఒక్కసారి రెక్కలు విదిల్చి, మెల్లగా మెడ వంచింది.

"ఎంత నమ్మకమే నీకు! పద, మీ అయ్య దగ్గరికే తీసుకెళ్తాను," అన్నాడు. గొలుసు ఒక్క వేటుకు తెగింది. మెడ మీదికి ఎగిరి కూర్చున్నాడు. కొండలు, దుర్ధరుడి డేరాలు, ఈటెలెత్తి పైకి చూస్తున్న నలభై వేల మొహాలు కాళ్ళ కింద గిర్రున తిరిగాయి. తూర్పున నల్లటి మబ్బొకటి కొండంచు దాటుతోంది. తెల్లపొగ దగ్గరపడింది. పొగ చీలిక లోంచి తిన్నె కనబడింది, దాని మీద తన మొహమే వేసుకుని, సుంకులవ్వ జుట్టు పట్టుకుని, పైకి చూసి నోరు తెరిచిన శత్రువు కనబడ్డాడు.

రణకేతుడు కుడిచేతి కట్టు పళ్ళతో లాగి పారేసి, ఆ కాలిన చేత్తోనే కత్తి దూసి, రాబందు మెడ మీది నుంచి వాడి మీదికి దూకాడు.